ఒక్క ఓటు

1868వ సంవత్సరము మే నెల 16వ తేదీన అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరమున సెనేటు సభ న్యాయస్థానమై కూర్చుండెను. విచారింపబడుచున్నవాడు సామాన్యుడు కాడు. ఆ దేశాధ్యక్షుడగు ఆండ్రూ జాన్సను. 1865లో లింకను హత్యకు గురియైన పిమ్మట ఉపాధ్యక్షుడుగానున్న జాన్సను అధ్యక్షుడయ్యెను. బానిసత్వమునుండి అప్పుడే విముక్తులైన నల్లజాతివారి హక్కుల విషయమున ఆయనకును, కాంగ్రెసు అనబడు శాసనసభకును ఘోరమైన వైరమేర్పడెను. కాంగ్రెసు చేసిన శాసనమును ధిక్కరించి యుద్ధమంత్రి స్టాంటనును తొలగించెనన్నది ఆయనపై మోపబడిన ప్రధాన నేరము. సెనేటులో నాడు 54 మంది సభ్యులుండిరి. నేరము స్థిరపడుటకు మూడింట రెండు వంతులు, అనగా 36 ఓట్లు కావలెను. నేరస్థుడన్నవారు 35 మంది, కాడన్నవారు 19 మంది. ఒక్క ఓటు చాలమిచే అధ్యక్షుని పదవి నిలిచెను.

నూటపది సంవత్సరములకు పైగా గడచినవి. 1979 మార్చి 28వ తేదీ రాత్రి లండను నగరమున కామన్సు సభ, ప్రధానమంత్రి జేమ్సు కాలహాను మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును చర్చించెను. తీర్మానమునకు అనుకూలముగ 311 ఓట్లు, ప్రతికూలముగ 310 ఓట్లు వచ్చినవి. ఒక్క ఓటుతో మంత్రివర్గము పడిపోయెను. ప్రభుత్వపక్షమునకు చెందిన సర్ ఆల్ఫ్రెడ్ బ్రౌటన్ అను సభ్యుడు ఆనాడు తీవ్రమైన వ్యాధితో మంచము పట్టియుండెను. ఆయన రాగలిగినచో ఓట్లు సమమయ్యెడివి. ప్రయాణము ప్రాణాపాయకరమను భయముచే ఆయనను రప్పింపలేదు. కొలది దినములకే ఆయన మరణించెను. ఓటుకంటె మనిషి ప్రాణము మిన్నయని తలచిన ఆ నిర్ణయము, ఓడిన పక్షమునకు అపకీర్తి తెచ్చునది కాదు.

ఒకచోట ఒక్క ఓటు పాలకుని నిలిపినది. వేరొకచోట ఒక్క ఓటు పాలకుని దింపినది. ఇది యాదృచ్ఛికము కాదు. రెండు దేశముల రాజ్యాంగముల స్వభావమంతయు ఇందు ఇమిడియున్నది.

కాలహాను ఏ నేరమును చేయలేదు. చేసెనని ఎవరును అనలేదు. ఆ శీతకాలమున సమ్మెలతో దేశము అతలాకుతలమైనది. స్కాట్లండుకు ప్రత్యేక శాసనసభ నొసగు ప్రయత్నము విఫలమైనది. "మీయందు మాకు విశ్వాసము లేదు" అని సభ పలికినది, అంతటితో చాలినది. మే 3వ తేదీన ఎన్నికలు జరిగినవి. ప్రజలు మార్గరెట్ థాచర్ నాయకత్వమునగల ప్రతిపక్షమునకు అధికారమిచ్చిరి. అయిదారు వారములలో వ్యవహారమంతయు ముగిసెను.

వాషింగ్టనులో అట్టి మాట పలుకుటకు వీలులేదు. అధ్యక్షుడు నాలుగేండ్లకు ఎన్నుకొనబడును. శాసనసభ్యుల విశ్వాసముతో ఆ గడువునకు సంబంధము లేదు. ఆయనను తొలగింపవలెనన్న నేరము చూపవలెను. జాన్సనును ద్వేషించినవారికి ఆయన విధానము తప్పని చెప్పుట చాలకపోయెను. కావున వారు నేరమును వెదకుకొనవలసి వచ్చెను. వారికి దొరికినది ఒక శాసనోల్లంఘనము. అట్టి నిర్బంధము రాజ్యాంగ విరుద్ధమని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమే 1926లో అభిప్రాయపడెను! జాన్సను మంచి పాలకుడు కాడు. విముక్తులైన వారి పట్ల ఆయన చూపిన నిర్దయ క్షమింపరానిది. అయినను ఆ సాకుతో ఆయనను తొలగింపకుండుటే న్యాయము. అసలు లోపము ఆ ఓటులో లేదు. అవిశ్వాసమునకు నేరమను వేషము వేయవలసి వచ్చిన ఏర్పాటులో ఉన్నది.

నిక్సను సంగతి కూడ ఇట్టిదే. 1972 జూనులో వాటర్‌గేటు భవనమున దొంగలు పట్టుబడిరి. నిక్సను రాజీనామా చేసినది 1974 ఆగస్టు 9వ తేదీన. నేరమును నిరూపించు సాక్ష్యము లభించువరకు, అనగా రెండేండ్లకు పైగా, దేశము వేచియుండవలసి వచ్చెను. 2021 వరకు ముగ్గురు అధ్యక్షులపై నాలుగు పర్యాయములు ప్రతినిధుల సభ నేరారోపణ చేసెను. సెనేటు ఒక్కరినైనను తొలగింపలేదు.

ఇంగ్లండులో ప్రధానమంత్రి సభలోనే కూర్చుండును. ప్రతి బుధవారమును, సభ జరుగు కాలమున, సభ్యుల ప్రశ్నలకు ఎదురుగా నిలిచి సమాధానము చెప్పును. అమెరికా అధ్యక్షుడు కాంగ్రెసునకు వచ్చి ప్రసంగించునే కాని, అచట ఆయనను ప్రశ్నించువారు లేరు.

ఇంగ్లండు పద్ధతికి మూల్యము లేకపోలేదు. 2022లో లిజ్ ట్రస్ 49 దినములు మాత్రమే ప్రధానమంత్రిగా ఉండెను. ఆమె వచ్చినదియు, ఆమె తరువాతి వారు వచ్చినదియు పార్టీ నిర్ణయముచేతనే. సాధారణ ఎన్నికలు జరుగలేదు. తరచుగా మారు పాలకులతో దూరదృష్టిగల పని సాగదని అమెరికనులు ఆక్షేపించుటలో సత్యము కలదు. కాని చెడిన బండికి చక్రము మార్చు వీలుండుట మేలా, నాలుగేండ్లు అదే చక్రముతో ఈడ్చుట మేలా అని అడిగినచో, మొదటిదే మేలనవలసియున్నది.

భారత రాజ్యాంగ నిర్మాతలును ఇట్లే తలచిరి. 1948 నవంబరు 4వ తేదీన రాజ్యాంగసభలో ముసాయిదాను ప్రవేశపెట్టుచు డాక్టరు అంబేద్కరు ఈ రెండు పద్ధతులను పోల్చెను. ఒకదానిలో స్థిరత్వమెక్కువ, మరొకదానిలో బాధ్యత ఎక్కువ అనియు, రెండును సమముగా లభించు పద్ధతి అంతవరకు ఏర్పడలేదనియు ఆయన చెప్పెను. ముసాయిదా బాధ్యతవైపే మొగ్గినది.

ఆ ఎంపికకు పరీక్ష 1999 ఏప్రిల్ 17వ తేదీన వచ్చెను. కోనసీమకు చెందిన బాలయోగి సభాపతిగా నుండగా, లోక్‌సభలో ప్రధానమంత్రి వాజపేయి కోరిన విశ్వాస తీర్మానమునకు 269 ఓట్లు అనుకూలముగను, 270 ఓట్లు ప్రతికూలముగను వచ్చినవి. ఇచటను ఒక్క ఓటే. ప్రభుత్వము పడిపోయెను, నేరారోపణ లేదు, విచారణ లేదు. ఆ శరత్కాలమున ఎన్నికలు జరిగినవి. అక్టోబరు 13వ తేదీన వాజపేయియే మరల ప్రధానమంత్రిగా ప్రమాణము చేసెను.