వేడెక్కితే ఆగుతుంది.. చల్లారితే పరిగెడుతుంది!

పొద్దున్న ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. పది, పదిహేను కిలోమీటర్లు బాగానే వెళ్తుంది. ఆ తర్వాత ఎవరో స్విచ్ తీసేసినట్టు టప్పున ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. అరగంట నీడలో పెడితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్ట్! ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న జబ్బు ఇదే. కారణం దొరక్క ప్లగ్గు, బ్యాటరీ, పెట్రోల్ పంపు వరసపెట్టి మార్చేస్తున్నారు. జేబు ఖాళీ అవుతోంది, బండి మాత్రం ఆగడం మానట్లేదు.

ఆనందపురం కుర్రాడొకడి సంగతే తీసుకోండి. పూల మార్కెట్లో మూటలు ఎత్తుకుని మధురవాడ వైపు కొట్లకు వేసి రావడం అతని పని. మొదటి ట్రిప్పు సాఫీగా అయిపోయేది. రెండో ట్రిప్పులో మారికవలస దగ్గరకొచ్చేసరికి హైవే మీదే బండి ఆగిపోయేది. వెనక నుంచి లారీలు, బండి మీద వాడిపోతున్న పూలు. చూపించిన ఒక షాపులో "ఈసీయూ పోయింది, పదివేల పైనే అవుద్ది" అన్నారట. "అన్నా, అంత పెడితే ఈ నెల ఇంటికేటి ఇవ్వను?" అన్నాడు. ముందు కొలుద్దాం, తర్వాత కొందాం అన్నాను.

అసలేంటీ సెన్సర్?

దీని పేరు క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్. మన మెకానిక్‌లు పల్సర్ కాయిల్ అనో, పికప్ కాయిల్ అనో అంటారు. పల్సర్ బండి ఉన్నవాళ్ళకే కాదండోయ్, దాదాపు అన్ని బళ్ళలోనూ ఉంటుంది! చాలా బళ్ళలో మాగ్నెట్ కవర్ లోపలే దీని మకాం. ఒక చిన్న అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ. మాగ్నెట్ చక్రం అంచు మీదున్న ఇనప పళ్ళు దీని ముందు నుంచి తిరుగుతుంటే తీగలో చిన్న కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే, మనం స్కూల్లో చదువుకున్నదే.

ఆ సిగ్నల్ చూసే ఈసీయూ పిస్టన్ ఎక్కడుందో లెక్కేస్తుంది. ప్లగ్గుకి కరెంటు ఎప్పుడివ్వాలి, పెట్రోల్ ఎప్పుడు చిమ్మాలి అన్నది దాన్నిబట్టే. కార్బురేటర్ బళ్ళలో ఇది పోతే ప్లగ్గు కరెంటు మాత్రమే ఆగేది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చాక దాదాపు బళ్ళన్నీ ఇంజెక్షన్‌కి మారాయి. ఇప్పుడు సిగ్నల్ పోతే కరెంటూ ఉండదు, పెట్రోలూ రాదు.

వేడికీ దీనికీ లింకేంటంటే, లోపల సన్నని తీగ ఎక్కడో చిట్లి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ రెండు కొసలూ తాకుతూనే ఉంటాయి. ఇంజిన్ వేడికి అన్నీ సాగేసరికి విడిపోతాయి. చల్లారితే మళ్ళీ కలుస్తాయి.

ఇదే అని ఎలా తేల్చాలి?

ముందు ఖర్చులేని పరీక్షలు. బండి ఆగగానే పెట్రోల్ ట్యాంకు మూత తీయండి. బుస్సుమని గాలి లాక్కుని, వెంటనే బండి స్టార్ట్ అయితే తప్పు మూతకున్న గాలి రంధ్రానిది. తర్వాత కిల్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, బ్యాటరీ టెర్మినల్స్ చూడండి.

తాళం తిప్పగానే పంపు రెండు మూడు సెకన్లు జుయ్‌మంటే పంపుకి కరెంటు అందుతున్నట్టే. కానీ సెన్సర్ పోయినా ఆ చప్పుడు వస్తుంది, దాన్నిబట్టి ఏదీ తేల్చేయకండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ప్లగ్గులో నిప్పురవ్వ లేకపోతే అనుమానం ఇటు తిప్పండి. ఈ పరీక్షకి వేరే ప్లగ్గు వాడండి. అసలు ప్లగ్గు దాని చోటే ఉండాలి. లేదంటే ఆ కన్నంలోంచి వచ్చే పెట్రోల్ ఆవిరికి మంట అంటుకోవచ్చు.

స్కానర్‌లో పీ0335 కోడ్ వస్తే అది క్రాంక్ సెన్సర్ సర్క్యూట్ గురించే. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు, వైరూ కనెక్టరూ కూడా. అప్పుడప్పుడూ వచ్చిపోయే తప్పు కోడ్‌గా పడకపోవచ్చు కూడా.

ఇక మల్టీమీటర్. మామూలుది మూడొందల లోపే దొరుకుతుంది. రెండు వైర్ల సెన్సర్ అయితే కనెక్టర్ విప్పి ఆ రెండింటి మధ్య ఓమ్స్ కొలవండి. ఎంత ఉండాలో మీ బండి సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. ఒక్కో వైరుకీ ఇంజిన్ బాడీకీ మధ్య మాత్రం ఏమీ చూపించకూడదు. మూడు వైర్లుంటే అది హాల్ సెన్సర్ కావచ్చు, దానికి ఈ కొలత పనికిరాదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. చల్లటి బండి మీద కొలిచి "బాగానే ఉంది" అనుకుంటే తప్పు దొరకదు. బండి ఆగిన క్షణంలో, వేడి మీదే కొలవాలి. రాగికి వేడెక్కితే నిరోధం కొంత పెరగడం సహజం. 20 డిగ్రీల దగ్గర 200 ఓమ్స్ ఉన్న కాయిల్ 100 డిగ్రీల దగ్గర సుమారు 260 చూపిస్తుంది. అది జబ్బు కాదు. మీటరు అంకె చూపించకుండా ఓపెన్ అంటేనే తీగ తెగినట్టు.

మన పూల కుర్రాడి బండికి జరిగింది అదే. చల్లగా ఉన్నప్పుడు మాన్యువల్ చెప్పిన అంకె వచ్చింది. వేడి మీద ఓపెన్. ఈసీయూ జోలికే వెళ్ళక్కర్లేకపోయింది.

మార్చే ముందు..

వేడి మీద కూడా కొలత సరిగ్గానే ఉంటే కనెక్టర్ చూడండి. భీమిలి తీరం వైపు తిరిగే బళ్ళకి ఉప్పుగాలి వల్ల పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. మాగ్నెట్ కవర్ నుంచి పైకెళ్ళే వైరు ఎక్కడైనా ఒరుసుకుందేమో వెతకండి. సెన్సర్ మొన మీద ఇనప రజను అతుక్కున్నా సిగ్నల్ చెడుతుంది, తుడిస్తే చాలు.

కొన్ని బళ్ళకి ఈ సెన్సర్ విడిగా అమ్మరు, స్టేటర్ ప్లేటుతో కలిపే కొనాలి. అందుకే రేటు ముందే అడగండి. మాగ్నెట్ కవర్ విప్పితే గ్యాస్కెట్ కొత్తది వేయించండి. సెన్సర్‌కీ చక్రానికీ మధ్య గ్యాప్ మాన్యువల్ ప్రకారమే పెట్టించండి.

అన్నట్టు, ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్ళే ఆరు వరసల రోడ్డు లాంటి చోట బండి ఆగితే కంగారుపడి అక్కడే సెల్ఫ్ కొట్టకండి. ముందు క్లచ్ పట్టండి, ఉన్న ఊపుతోనే ఎడమ అంచుకి తెచ్చేయండి, ఇండికేటర్ వేయండి. మీటరు ఆ తర్వాతే. ఈసారి ఎవరైనా "ఈసీయూ పోయింది" అంటే మాత్రం ఒక్క మాట అడగండి.. "వేడి మీద కొలిచారా?"