కొబ్బరిచెట్టు పక్కన మనిషేడీ?

అక్కుపల్లి శివసాగర్ బీచ్ ఫొటో ఏదైనా ఒకటి గుర్తు తెచ్చుకోండి. ఇసుక, సరుగుడు చెట్లు, పొద్దుపొడుపు. అది అక్కుపల్లిదో, బారువదో, భీమిలిదో చెప్పగలరా? కాశీబుగ్గలో స్టూడియో నడిపే నేనే చెప్పలేను. వాటిలో కొన్ని నేను తీసినవే.

2011లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2,222 ఫొటోలు పోగేసి, జనానికి వరసగా చూపిస్తూ, ముందు చూసింది మళ్లీ వస్తే మీట నొక్కమన్నారు. ఎవరికి చూపినా దాదాపు అవే గుర్తున్నాయి, అవే జారిపోయాయి. మనుషులున్నవి నిలిచాయి. అందమైన కొండలు, సముద్రాలు నిలవలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత పేపర్ల నిండా కూలిన కొబ్బరితోటలే. బయటివాళ్లకు అవీ ప్రకృతి దృశ్యాలే, చూశారు, మర్చిపోయారు. పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానం వాడికి మాత్రం ఏ చెట్టు ఎవరు పెట్టిందో తెలుసు. నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. పడిన చెట్టు పక్కన దాన్ని పెట్టిన ముసలాయన కూడా ఫొటోలో ఉంటే విజయవాడ వాడికీ గుర్తుండేది. ఆయన్ని పిలిచి నిలబెట్టక్కర్లేదు, ఎలాగూ అక్కడే ఉన్నాడు.

అలాగని మనిషి ఉంటే చాలా? ఉద్దానం అనగానే అందరికీ గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు, డయాలసిస్ మంచం, నరాలు ఉబ్బిన చెయ్యి. ఆ ఫొటోలు లేకుండానే పలాసకు 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చేదంటే నేను నమ్మను. కానీ ఏళ్ల తరబడి ఆ చెయ్యొక్కటే చూపిస్తే, మనం ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి చూపు మారిపోతుంది. పెళ్లి సంబంధాల దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు.

ఉద్దానంలో ఇంకా చేతులున్నాయి. జీడి పిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్లవి చూడండి. జీడి నూనె అంటి వేళ్లు నల్లబడతాయి, తోలు లేచిపోతుంది. మీ పాయసంలోకి వచ్చే తెల్లటి పప్పు ఆ వేళ్లు దాటి వచ్చిందే. పలాస జీడిపప్పు ప్యాకెట్ మీద ఆ చేతుల బొమ్మ నాకింతవరకు కనబడలేదు.

పత్రికల ఫొటోగ్రాఫర్లకు ఒక మాట. ఏప్రిల్‌లో రండి, జీడి పిక్కలు రాలే కాలం. బీచ్‌కీ వెళ్లండి, గాలి బాగుంటుంది. కెమెరా మాత్రం తోటలోనే బయటికి తీయండి. పిక్కలు ఏరుతున్నామె ఒప్పుకుంటే ఆమె పేరు, ఊరు అడిగి ఫొటో కింద వేయండి.