క్షుధార్తునికి మతపరీక్ష అవసరమా?



చర్చివారు వంట చేసి పేదలకు వడ్డిస్తున్నారని వినగానే మనవారిలో కొందరి నోట వెలువడే ప్రథమ వాక్యం "అది ఎర" అని. తిన్నవాడెవరో, పెట్టినవాడెవరో విచారణ లేదు. ముందే తీర్పు. ఈ వాదాన్ని శాస్త్రదృష్టితో పరిశీలించుట ఆవశ్యకం.

పూర్వపక్షం ఇది: ఆ అన్నం వెనుక మతాంతరీకరణ సంకల్పం ఉన్నది, కనుక అది దానం కాదు. ఇందులో సత్యాంశం లేకపోలేదు. ప్రత్యుపకారాన్ని ఆశించి ఇచ్చేది రాజసదానమని గీతలో పదిహేడవ అధ్యాయం నిర్ణయించింది. ఆకలిగొన్నవాని విశ్వాసాన్ని విస్తరికి వెలగా అడగడం వాణిజ్యమే. అది ఎక్కడ జరిగినా ఖండనీయమే. అయితే ఒకచోట కనిపించిన దోషాన్ని అందరికీ అంటగట్టడం తర్కశాస్త్రంలో అతివ్యాప్తి అనిపించుకుంటుంది.

న్యూయార్క్ నగరంలో, మన్‌హటన్‌లో, హోలీ అపోస్తల్స్ అనే ఎపిస్కోపల్ చర్చి ఉన్నది. 1982 నుండి అక్కడ స్వచ్ఛంద సేవకులు నిరాశ్రయులకు భోజనం వడ్డిస్తున్నారు. వచ్చినవాని మతమేదని అడగరు. 1990లో ఆ చర్చి అగ్నిప్రమాదంలో తీవ్రంగా దెబ్బతిన్నది. అయినా అన్నసేవ ఆగలేదు. పునరుద్ధరించిన పిమ్మట ప్రార్థనాశాలలో స్థిరమైన బల్లలను తిరిగి బిగించక, ఆ స్థలాన్నే భోజనశాలగా కూడా వాడుకున్నారు. తాము దేవుని స్తుతించే చోటనే ఆకలిగొన్నవానిని కూర్చుండబెట్టారు. దీనిని ఎర అనడానికి మనకు నోరెట్లా వస్తుంది?

ఇక సిద్ధాంతం. నివాసం కోరి వచ్చిన ఎవరినీ త్రిప్పి పంపరాదనీ, అందుకొరకే అన్నాన్ని సమృద్ధిగా సమకూర్చుకోవాలనీ తైత్తిరీయంలోని భృగువల్లి వ్రతంగా విధించింది. అక్కడ కుల గోత్రాల ప్రస్తావన లేదు. భాగవత నవమస్కంధంలోని రంతిదేవుడు నలభై ఎనిమిది దినాలు నీరైనా లేక ఉండి, ఆపై లభించిన ఆహారాన్ని బ్రాహ్మణునికీ, శూద్రునికీ, కుక్కలతో వచ్చిన అతిథికీ పంచాడు. మిగిలిన జలాన్ని పుల్కసునికి ధారపోశాడు. వారిలో ఒక్కరినీ "నీ దైవమెవరు?" అని అడగలేదు. అందరిలోనూ శ్రీహరినే దర్శించాడు.

ఈ ధర్మం పురాణాలకే పరిమితం కాదు. గోదావరీతీరాన లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళకాని వేళ వచ్చిన బాటసారికి సైతం పొయ్యి వెలిగించి పెట్టారు. తిరుమలలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదానం నేటికీ సాగుతున్నది. ఇవి మనకు గర్వకారణాలే. కాని ఆ మహనీయుల పేరు చెప్పుకొని మన ఊరి గుడిలోని స్థితిని కప్పిపుచ్చవచ్చునా?

కొన్ని ఆలయాలలో జరుగుతున్నదేమి? దాతల బంధువులకు తొలి పంక్తి. చినిగిన బట్టలవానికి గేటు బయట నిరీక్షణ, చివరికి అడుగంటిన సాంబారు. వడ్డించే గరిటె కంటె దాత ఫొటో ఉన్న ఫ్లెక్సీ పెద్దది. ఉత్సవం నాడు కుప్పలుగా మిగిలిన అన్నం చెత్తబండి పాలు, మరునాడు అదే వీధిలో వృద్ధురాలికి పస్తు. ఆ వృద్ధురాలు చర్చివారి పంక్తిలో కూర్చున్ననాడు మనం ఆమెను నిందిస్తాం! ఆమె అక్కడికి ఎందుకు వెళ్ళినదనే ప్రశ్నకు ముందు, మన ద్వారం ఆమెకు ఎందుకు తెరుచుకోలేదనే ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవారం మనమే.

స్వధర్మరక్షణ నినాదాలతో సిద్ధించదు. ప్రతి ఆలయంలో వారానికి ఒక్కదినమైనా, పేరు పలకలు లేకుండా, టోకెన్లు లేకుండా, ఒకే పంక్తిలో, ఆకలిగొన్నవానికే ముందుగా వడ్డించాలి. అర్చకులమైన మేమే గరిటె పట్టాలి. నివేదన చేసిన చేతితో వడ్డన చేయడం వల్ల మా శుచికి భంగం కలుగదు. వైశ్వదేవంలో కాకులకూ శునకాలకూ సైతం బలి వేయమన్న శాస్త్రం, మనుష్యుని ఎదుట చేయి ముడుచుకోమంటుందా?

పరుల వంటశాలను తప్పుపట్టే ముందు మన పొయ్యి రాజేద్దాం. పోటీ పడవలసి వస్తే ఆకలి తీర్చడంలోనే పోటీ పడదాం. ఆ పోటీలో ఎవరు గెలిచినా తృప్తుడయ్యేది సర్వాంతర్యామియే.

శుభం భూయాత్.