చెప్పిన మాటకు నంబరు ఉండాలి



పోయిన నెల గేటు మీటింగు ముగిశాక రింగ్‌ఫ్రేము ఖాతాలో పనిచేసే ఒక సీనియర్ మిస్త్రీ నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, మన మిల్లుకు మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ వస్తోందంట. ముప్పై ఏండ్లు మిషను చప్పుడు విని నేర్చుకున్న పని ఇక కంప్యూటరే చేస్తదా? మమ్మల్ని ఏం చేస్తరు?" అని అడిగాడు. ఈ ప్రశ్న ఆయన ఒక్కడిది కాదు. షోలాపూర్ మిల్లుల్లో, టవళ్ల ఫ్యాక్టరీల్లో పనిచేసే మనవాళ్లు చాలామంది ఇదే అడుగుతున్నారు. అందుకే ఈ నెల సంపాదకీయం దీని మీద రాస్తున్నాను.

ముందు ఆ వస్తువేమిటో తెలుసుకుందాం. సాఫ్ట్‌వేర్ పానా పట్టదు, బేరింగు మార్చదు. అది ఒక పెద్ద రిజిస్టరు. అందులో ముఖ్యంగా నాలుగు సంగతులుంటాయి. ఒకటి, ప్రతి మిషనుకు ఒక నంబరు, దాని వయసు, ఇదివరకు జరిగిన మరమ్మతులు. రెండు, ఏ పని ఎప్పుడు చేయాలన్న పట్టిక: స్పిండిల్ ఆయిల్ ఎప్పుడు పోయాలి, ట్రావెలర్లు ఎప్పుడు మార్చాలి, టాప్ రోలర్లు ఎప్పుడు బఫింగుకు పంపాలి, కార్డింగు వైరు ఎప్పుడు గ్రైండింగు చేయాలి. మూడు, ఏది చెడింది, ఎవరు చెప్పారు, ఎన్నింటికి చెప్పారు, ఎవరు బాగుచేశారు, ఎంతసేపు పట్టింది. నాలుగు, స్టోర్సులో ఏ సామాను ఎంత ఉంది. ఇదంతా ఇదివరకు కొంత లాగ్ బుక్కులో, కొంత మిస్త్రీ జేబు డైరీలో, ఎక్కువ భాగం జాబరు తలకాయలో ఉండేది. ఇప్పుడు ఒక్కచోటికి వస్తుంది.

దీన్ని వద్దనడం మన యూనియన్ విధానం కాదు. మిషను ఆగితే యాజమాన్యానికే కాదు, మనకూ నష్టమే. 1,008 స్పిండిళ్ల రింగ్‌ఫ్రేము ఒకటుందనుకోండి. 8 గంటల పాళీలో స్పిండిల్‌కు 100 గ్రాముల నూలు దిగుతుందని లెక్క వేయండి. ఆ ఫ్రేము ఒక్క గంట ఆగితే పన్నెండున్నర కిలోల నూలు పోయినట్టే. సాంచా మీద పీసు రేటుకు నేసేవాడి సంగతి మరీ కష్టం. పికర్ విరిగి, స్టోర్సులో మరొకటి లేక, సాంచా సగం పాళీ ఆగిందంటే సగం కూలి పోయిందన్నమాటే. ఆ సామాను అయిపోయే ముందే తెప్పించమని ఒక రిజిస్టరు గుర్తుచేస్తే మంచిదే కదా!

అసలు విషయం ఇంకోటి ఉంది. అది నా సొంత అనుభవం. 1994లో నేను ఒక మిల్లులో బ్లో రూములో పనిచేసేవాణ్ణి. బీటర్ పూర్తిగా ఆగేదాకా దాని మూత తెరుచుకోకుండా ఒక లాకు ఉంటుంది. మా మిషను లాకు అరిగిపోయి, బీటర్ తిరుగుతుండగానే మూత లేచేది. నేను జాబరుకు చెప్పాను. జాబరు సూపర్‌వైజరుకు చెప్పాడు. "ఆదివారం చూద్దాం" అన్నాడాయన. గురువారం రాత్రి పాళీలో ఒక బదిలీ కుర్రాడు, వచ్చి పది రోజులు కాలేదు, దూది చిక్కుకుందని మూత ఎత్తి చెయ్యి పెట్టాడు. మూడు వేళ్లు పోయాయి. విచారణలో "లాకు చెడిందని మాకెవరూ చెప్పలేదు" అన్నారు. లాగ్ బుక్కు తెప్పించారు. అందులో ఆ మాటే లేదు. తప్పు కుర్రాడిదేనని తేల్చారు. నేను నోటితో చెప్పాను, కాగితం మీద రాయించలేదు. ముప్పై ఏళ్లు దాటినా ఆ పొరపాటు నన్ను వదల్లేదు.

ఇప్పుడు చట్టం కూడా చూడండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020ని కేంద్ర ప్రభుత్వం 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి తెచ్చింది. పనిచేసే చోట ప్రమాదకరమైన పరిస్థితి కంటబడితే వీలైనంత త్వరగా యాజమాన్యానికి తెలపడం కార్మికుడి విధి అని ఆ కోడ్ చెబుతోంది. అంటే చెప్పే బాధ్యత మన మీద పెట్టారు. మంచిది, చెబుతాం. కానీ చెప్పినట్టు రుజువేది? సాఫ్ట్‌వేరులో ఫిర్యాదు ఎక్కితే దానికి ఒక నంబరు, తేదీ, టైము పడతాయి. ఆ నంబరే మనకు రసీదు. కాబట్టి ఈ సాఫ్ట్‌వేర్ మీద మన మొదటి డిమాండు ఇదే: కార్మికుడు చెప్పిన ప్రతి ఫిర్యాదు అప్పుడే ఎక్కాలి, దాని నంబరు అతని చేతికి రావాలి.

మొదలుపెట్టే పద్ధతి సరిగా లేకపోతే ఆదిలోనే హంసపాదు పడుతుంది. అందుకని యాజమాన్యం ముందు ఈ మాటలు పెడుతున్నాం.

ఒకటి, మిల్లు మొత్తం ఒకేసారి ఎక్కించవద్దు. ఒక ఖాతాలో నాలుగైదు మిషన్లతో మొదలుపెట్టండి. రెండు మూడు నెలలు నడిపి, లోపాలు దిద్దుకున్నాక రెండో ఖాతాకు పొండి.

రెండు, మిషన్ల జాబితా ఆఫీసులో కూర్చుని పాత కాగితాలు చూసి రాయవద్దు. మిస్త్రీని, ఆయిల్‌మన్‌ను వెంటబెట్టుకుని ఖాతాలో తిరిగి రాయండి. రికార్డులో ఒక నంబరు, ఖాతాలో మనం పిలిచే పేరు ఇంకోటి అయితే ఫిర్యాదు ఒక మిషనుది, మరమ్మతు మరో మిషనుకు అవుతుంది. నంబరు మిషను మీద పెయింటుతో పెద్దగా రాయించండి.

మూడు, తెర మీద మాటలు తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లో ఉండాలి. చదువురానివాళ్ల కోసం బొమ్మలు పెట్టవచ్చు. అప్పటిదాకా నోటితో చెప్పింది రాయడానికి ప్రతి పాళీలో ఒక మనిషి ఉండాలి. పాళీ అయిపోయాక గుమాస్తా గుర్తుచేసుకుని రాసే పద్ధతి పనికిరాదు.

నాలుగు, నేర్చుకునే సమయం పని సమయమే. శిక్షణ పాళీలోపల ఇవ్వాలి, దానికి పూర్తి కూలి కట్టాలి. బదిలీ, కాంట్రాక్టు కార్మికులకూ ఈ శిక్షణ ఉండాలి. నా కళ్లముందు వేళ్లు పోగొట్టుకున్నవాడు బదిలీ కార్మికుడేనని మరవకండి.

ఐదు, మరమ్మతుకు పట్టిన నిమిషాలు లెక్కగట్టి మిస్త్రీలకు మెమోలు ఇవ్వకూడదు. స్టోర్సులో బేరింగు లేక రెండు గంటలు ఆగితే ఆ రెండు గంటలు స్టోర్సు ఖాతాలో పడాలి. సామాను కోసం ఆగింది వేరుగా, పని చేసింది వేరుగా రాయాలి.

ఆరు, ఎక్కిన ఫిర్యాదును ఎవరూ తుడిచేయకూడదు. ప్రతి నెలా మిగిలిపోయిన పనుల పట్టిక భద్రతా కమిటీ ముందు పెట్టాలి.

ఇక ఉద్యోగాల భయం. మిస్త్రీ తలలో ఉన్నదంతా కంప్యూటరుకు ఎక్కించుకుని, తర్వాత ఆయన్ను ఇంటికి పంపి కాంట్రాక్టు మనుషులను పెడతారేమోనన్నది వట్టి అనుమానం కాదు. దానికి మన జవాబు రెండు రకాలు. యంత్రాల్లోగానీ పద్ధతుల్లోగానీ కార్మికుల తగ్గింపుకు దారితీసే మార్పు తెచ్చేటప్పుడు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020లో ఉంది. ఆ నోటీసు లేకుండా ఒక్క పోస్టు తగ్గించినా ఒప్పుకోం. దానితోపాటు, ఈ సాఫ్ట్‌వేర్ కారణంగా ఎవరినీ తీసేయబోమని రాతపూర్వక ఒప్పందం అడుగుతున్నాం. నోటిమాట మనకు చాలదు. చెప్పిన ప్రతిదీ రికార్డు కావాలని మనకు నేర్పేవాళ్లు తమ మాటనూ రికార్డు చేయాలి కదా!

మన వైపు నుంచీ కొంత బాధ్యత ఉంది. పని చేయకుండానే చేసినట్టు టిక్కు పెట్టకూడదు. ఆయిల్ పోయకుండా పోసినట్టు రాసిన రోజున ఆ రిజిస్టరు విలువ పోతుంది. రేపు మన ఫిర్యాదును కూడా ఎవరూ నమ్మరు. అలాగే పెద్ద మిస్త్రీలకు ఒక మనవి. మీ విద్యను దాచుకోవద్దు. ఏ చప్పుడు వస్తే ఏ బేరింగు పోయిందో మీరు చెబితేనే ఆ రికార్డుకు ప్రాణం వస్తుంది. చెప్పేటప్పుడు మీ పేరు రాయించండి. రాసిన దాన్ని చదివినంత మాత్రాన కుర్రాడికి చెయ్యి తిరగదు. పక్కన నిలబడి నేర్పే మనిషి ఎప్పటికీ కావాలి.

ఇవాళ్టి నుంచే ఒక అలవాటు చేసుకుందాం. సాఫ్ట్‌వేర్ వచ్చిన ఖాతాల్లో ఫిర్యాదు నంబరు, రాని ఖాతాల్లో తేదీ, టైము, ఎవరికి చెప్పామన్నది జేబులో చిన్న పుస్తకంలో రాసుకుందాం. రాయడం రానివాళ్లకు పక్కవాళ్లు రాసిపెట్టాలి. వారం దాటినా బాగుకాని ప్రమాదకరమైన మిషను వివరాలు యూనియన్ ఆఫీసులో అందించండి. ఇంకో కుర్రాడి చెయ్యి పోయాక "మాకెవరూ చెప్పలేదు" అనే అవకాశం ఈసారి ఎవరికీ ఇవ్వకూడదు.

- కార్యదర్శి