ఎక్కడి నుంచి మూడోది?



ఒకటి నుంచి పది వరకు తడుముకోకుండా లెక్కపెట్టే పిల్లలకు వరసల సంగతి కూడా తెలిసిపోయిందని మనం అనుకుంటాం. ఒకసారి పరీక్షించి చూడండి. అయిదు గ్లాసులు వరసగా పెట్టి, "మూడు గ్లాసులు ఇవ్వు" అని పాపను అడగండి. ఇస్తుంది. తరవాత "మూడో గ్లాసు ఇవ్వు" అనండి. చిన్నపిల్లలు కొందరు మళ్ళీ మూడు గ్లాసులే తెచ్చి ఇస్తారు. 'మూడు' అనే మాట ఎన్ని ఉన్నాయో చెబుతుంది. 'మూడో' అనే మాట ఏ స్థానంలో ఉందో చెబుతుంది. ఈ తేడా నేర్పడం బడి పని అని వదిలెయ్యకూడదు. అది ఇంట్లో, మన తెలుగులోనే మొదలు కావాలని నా అభిప్రాయం.

సూరత్ నగరంలో, ఉన్ వంటి ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువారికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్ళిన కుటుంబాలు ఆ నగరంలో ఎన్నో ఉన్నాయి. పిల్లలు బయట వినేది గుజరాతీ, హిందీ. "బడిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష అయితే పిల్లలు తికమకపడరా?" అని మీరు అడగవచ్చు. పడరు. పైగా తెలుగులో ఈ పని సులువు. సంఖ్య చివర 'వ' గాని, 'ఓ' గాని చేరిస్తే చాలు: రెండవ, రెండో, మూడవ, మూడో. 'మొదటి' ఒక్కటే వేరుగా ఉంటుంది. ఒకటో తరగతి, ఒకటో తారీఖు అన్నప్పుడు అదీ దారికి వస్తుంది. గుజరాతీలో ఏక్, బే, త్రణ్, చార్ అనే అంకెలకు పహేలో, బీజో, త్రీజో, చోథో అనాలి. లింగాన్ని బట్టి పహేలో, పహేలీ అని మార్చాలి కూడా. వరస అంటే ఏమిటో ఇంట్లో తెలుసుకున్న పిల్లలు బడిలో కొత్త మాటలు మాత్రమే నేర్చుకుంటారు. తెలియనివారు మాటలనూ, భావాన్నీ ఒకేసారి మొయ్యాలి.

అయితే మొదటి, రెండో, మూడో అని వల్లె వేయించడం చాలదు. ఎక్కడి నుంచి లెక్కపెడుతున్నామో చెప్పకపోతే ఆ మాట సగమే. సూరత్ నుంచి దక్షిణంగా వెళ్ళే రైలు దారిలో ఉధ్నా, భేస్తాన్, సచిన్ స్టేషన్లు వరసగా వస్తాయి. సూరత్ నుంచి వెళ్ళేటప్పుడు భేస్తాన్ రెండోది. సచిన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు అదే మొదటిది. స్టేషను కదలలేదు. మనం లెక్క మొదలుపెట్టిన చోటు మారింది.

నెలల సంగతీ ఇంతే. గుజరాతీలకు దీపావళి అమావాస్య తరవాత, కార్తీక శుద్ధ పాడ్యమి నాడు కొత్త సంవత్సరం వస్తుంది. వారికి కార్తీకం మొదటి నెల. ఉగాదితో, చైత్రంతో మొదలుపెట్టే మనకు అది ఎనిమిదో నెల. మన మొదటి నెల చైత్రం వారికి ఆరోది. ఎవరి లెక్కా తప్పు కాదు.

"మేమే మధ్యలో బడి మానేశాం, మేమేం నేర్పగలం?" అని వెనకాడకండి. వరస మీకు బాగా తెలుసు. చవితి అంటే పక్షంలో నాలుగో తిథి, నవమి అంటే తొమ్మిదోది, ఏకాదశి అంటే పదకొండోది. వినాయక చవితి, శ్రీరామ నవమి చేసుకునే ప్రతి ఇంట్లో ఈ పాఠం ఉన్నట్టే.

ఈ పాఠం అవసరం పరీక్షతో తీరిపోదు. "మూడు రోజులు మందు వెయ్యండి" అనడం వేరు, "మూడో రోజు తీసుకురండి" అనడం వేరు. "రెండో గల్లీ, నాలుగో ఇల్లు" అని మాత్రమే చెప్పి పంపితే పిల్లలు దారి తప్పవచ్చు. "కిరాణా కొట్టు దాటాక కుడిచేతి వైపు రెండో గల్లీ, మలుపు నుంచి నాలుగో ఇల్లు" అని చెబితే చేరుకుంటారు.

ఇంకొక మాట. మనం 'మొదటి' అనే మాటను మెచ్చుకోవడానికి, 'చివరి' అనే మాటను చిన్నబుచ్చడానికి వాడుతుంటాం. వరసలో స్థానం మనిషి విలువ కాదు. వెనక నుంచి లెక్కపెడితే చివరివాడే మొదటివాడు. ఇది కూడా పిల్లలకు చూపించండి.

ఈ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు "మూడో పళ్ళెం ఎవరిది?" అని అడగండి. తలుపు వైపు నుంచి ఒకసారి, గోడ వైపు నుంచి ఒకసారి లెక్కపెట్టించండి. కొన్నాళ్ళకు, జవాబు చెప్పే ముందు "ఎక్కడి నుంచి?" అని మీ పాపే మిమ్మల్ని అడిగితే పాఠం వచ్చినట్టే.