మా బిడ్డల ముక్కు దిబ్బడకి మా తల్లుల్నా తిట్టేది?

వానాకాలం పోయి మంచు మొదలైందంటే మా గూడెంలో ఇంటికో చీమిడి ముక్కు. చంటిపిల్లకి ముక్కు దిబ్బడేస్తుంది. రొమ్ము పట్టదు, పట్టినా రెండు గుక్కలు తాగి వదిలేసి గుక్కపెట్టి ఏడుస్తుంది. రాత్రంతా గొంతులో గురగుర. తెల్లారి తల్లి కూలి మానుకుని బిడ్డనెత్తుకుని దవాఖానాకు పోతే ఆమె వినే మొదటి మాట ఏంటి? "మీరు శుభ్రంగా ఉండరు గదమ్మా!" బిడ్డ ఎదమీద గొట్టం పెట్టకముందే తల్లిమీద తీర్పు అయిపోయింది. ఈ మాట మేం పుస్తకాల్లో చదివింది కాదు. బిడ్డల్ని చంకనేసుకుని, వరసలో నిలబడి, మేం పడ్డ మాట.

సరే, జవాబు చెప్పుకుందాం. జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానికి కులం తెలీదు. దొరగారి మనవడికీ వస్తుంది, మాదిగ పిల్లకీ వస్తుంది. చిన్నపిల్లలకి ఏడాదిలో ఆరేడుసార్లు జలుబు చెయ్యడం మామూలే అని డాక్టర్లే చెబుతారు. వారం పదిరోజుల్లో దానంతటదే పోతుంది. మరి మేడలో ముక్కు దగ్గర ఆగిపోయే జలుబు మా గుడిసెలో ఊపిరితిత్తుల దాకా ఎందుకు దిగుతోంది? అది అడగాలి గదా!

ఒకే గది. అందులోనే పొయ్యి, అందులోనే పడక. 2016లో గ్యాసు ఇచ్చామని గోడలనిండా బొమ్మలేశారు. పొయ్యి వచ్చింది, బండా వచ్చింది. ఆ బండ మళ్ళీ నింపించాలంటే ఆడకూలి రెండు మూడు రోజులది పోవాలి. అందుకే చాలా ఇళ్ళల్లో బండ మూలన కూర్చుంది, కట్టెల పొయ్యి మళ్ళీ రాజుకుంది. తల్లి ఒళ్ళో బిడ్డ ఆ పొగే పీలుస్తుంది. ఇళ్ళస్థలాలు ఇచ్చేటప్పుడు ఊరి మురుగంతా వచ్చి చేరే పల్లం మాకు చూపించింది ఎవరు? తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఎండలో నాట్లేయించుకుని, కూలి కోసి ఇచ్చింది ఎవరు? తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకి జలుబు బరువే అవుతుంది. ఇవన్నీ వదిలేసి మా తల్లుల గోళ్ళలో మట్టి వెతుకుతారా?

ఇక దగ్గుమందుల వ్యాపారం. దవాఖానాలో మాట పడలేక తల్లి ఆర్ఎంపీ దగ్గరికో మందులషాపుకో పోతుంది. ఒక సీసా చేతిలో పెడతారు. తియ్యగా ఉంటుంది, తాగిన పిల్ల మగతగా పడుకుంటుంది. నయమైందనుకుంటాం. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో ఏం జరిగింది? జలుబుకీ దగ్గుకీ ఇచ్చిన సిరప్ తాగి పిల్లలకి ఉచ్చ ఆగిపోయింది, కిడ్నీలు చెడిపోయాయి, ఇరవైమందికి పైగా చచ్చిపోయారు. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని తమిళనాడు ప్రభుత్వ పరీక్షలో తేలింది. ఉండకూడని విషం మందులో సగం! 2022లో గాంబియాలోనూ ఇట్లాంటి సిరప్‌లకే దాదాపు డెబ్భైమంది పిల్లలు పోయారు. అవీ మనదేశంలో తయారైనవే. చావులు అయ్యాక, 2025 అక్టోబరు 3న, కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకి కాగితం పంపింది: రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దు, అయిదేళ్ళ లోపు వాళ్ళకీ మామూలుగా అవసరం లేదు అని. ఆ కాగితం మా గూడెం పక్క మందులషాపు దాకా వచ్చిందా?

మనలో మనం కూడా ఒక మాట అనుకోవాలి. డొక్కలెగరేస్తుంటే పొట్టమీద వాతలు పెట్టే వాళ్ళు ఇంకా ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో, ఆ మధ్యప్రదేశ్‌లోనే షహడోల్ జిల్లాలో, న్యుమోనియాతో ఉన్న మూడునెలల ఆడబిడ్డకి ఇనుపచువ్వతో వాతలు పెట్టారు. బిడ్డ బతకలేదు. ముక్కులో నూనె, పసరు, రొమ్ముపాలు పొయ్యడం, కర్పూరం రాయడం, మరిగే నీళ్ళ ఆవిరి పట్టడం, అన్నీ మానాలి. పెద్దలు చేశారు గదా అని చెయ్యొద్దు. మనల్ని వైద్యానికి దూరం పెట్టిన కాలంలో వేరే దిక్కులేక చేసినవి అవి.

మరేం చెయ్యాలి? గ్లాసుడు నీళ్ళు కాచి చల్లార్చి, టీ చెంచాతో అరచెంచా ఉప్పు కలపండి. శుభ్రమైన మెత్తటి గుడ్డ తడిపి, వత్తిలా చేసి ముక్కు తుడవండి. పాలివ్వబోయే ముందు ముక్కులో ఒకటి రెండు చుక్కలు వెయ్యండి. నీళ్ళు ఏరోజుకారోజు కొత్తవి కలపాలి. మొదటి కొన్ని నెలలు బిడ్డ ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, అందుకే దిబ్బడేస్తే పాలు తాగలేదు. ముక్కు తెరుచుకుంటే తాగుతుంది. కొంచెం కొంచెం, ఎక్కువసార్లు పట్టండి. పొయ్యి దగ్గర కూర్చోబెట్టొద్దు. ఏడాది లోపు బిడ్డకి తేనె నాకించొద్దు.

అన్నిటికంటే ముఖ్యం, ఊపిరి లెక్క. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, సెల్‌ఫోనులో నిమిషం చూసుకుంటూ పొట్ట ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టండి. రెండునెలల లోపు బిడ్డకి 60, రెండునెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40. ఆ అంకె వచ్చినా దాటినా అది ఉత్త జలుబు కాదు. డొక్కలు లోపలికి పీక్కుపోతున్నా, పాలు మానేసినా, పెదాలు నీలంగా మారినా, మగతగా పడున్నా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. రెండునెలల లోపు బిడ్డకి జ్వరమొచ్చినా అంతే. చదువు రాని తల్లి కూడా లెక్కపెట్టగలదు. నాటిన ముడుపులు, మోసిన గంపలు లెక్కపెట్టుకునే చేతులు గదా అవి!

లెక్కపెట్టి పోయాక అడగండి. 2019లో కేంద్రం 'సాన్స్' అని పథకం పెట్టింది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఊపిరి లెక్కపెట్టి, అవసరమైతే అమాక్సిసిలిన్ మొదటి మోతాదు ఇచ్చి ఆసుపత్రికి పంపాలని అందులో ఉంది. మా వీధికి ఆ మందు ఎప్పుడొచ్చింది? ఆరువారాలకీ, పద్నాలుగు వారాలకీ, తొమ్మిది నెలలకీ వెయ్యాల్సిన న్యుమోనియా టీకా ఉచితం. కార్డులో ఆ గడి ఖాళీగా ఎందుకుంది? పీహెచ్‌సీలో ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉందా, ఊరికే నిలబెట్టారా? ఒంటరిగా పోతే తిడతారు. పదిమంది తల్లులు కలిసి పొండి.

అంబేడ్కర్, రమాబాయి దంపతులు నలుగురు బిడ్డల్ని పోగొట్టుకున్నారు. ఆఖరి కొడుకు రాజరత్న 1926లో పోయాడు. ఆ మరుసటి ఏడే బాబాసాహెబ్ మహద్ చెరువులో నీళ్ళు ముట్టుకుని మన హక్కు చెప్పాడు. ఆనాడు నీళ్ళు. ఈనాడు మా బిడ్డల ఊపిరి. దానికీ లెక్క చెప్పించుకుంటాం.