‘ఊపిరి పీల్చుకో’ అంటే చాలదు, నేర్పాలి

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, మానవపాడు వంటి ఊళ్ళలో, తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది. ఏం తినాలో, ఏం తినకూడదో ఇంటిల్లిపాదీ చెబుతారు. నొప్పులు మొదలైనప్పుడు ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. కాన్పు గది గుమ్మం దగ్గర తల్లిని ఆపేస్తారు. లోపల ఆ పిల్లకు వినిపించే ఉపదేశం ఒక్కటే: “అరవకు, ఊపిరి పీల్చుకో!”

ఇది వైద్యం కాదు, గదమాయింపు. ఈత రానివాణ్ణి నదిలో తోసి, చేతులు ఆడించమని గట్టున నిలబడి కేకలు వేయడం వంటిది.

భయపడిన స్త్రీ గబగబా ఊపిరి తీస్తుంది. రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. భయం కండరాలను బిగిస్తుంది, బిగువు నొప్పిని పెంచుతుంది. దీనికి విరుగుడు తేలికైనదే. నొప్పి మొదలవగానే ముక్కుతో నెమ్మదిగా పీల్చి, నోటితో అంతకంటే నెమ్మదిగా వదలాలి. భుజాలు, దవడ సడలించాలి. ఒక్కో నొప్పి సుమారు నిమిషం సేపు ఉంటుంది. అది దాటాక మళ్ళీ వచ్చేదాకా విశ్రాంతి. అయితే ఈ అలవాటు ఏడో నెల నుంచి రోజూ సాధన చేస్తేనే ఒంటబడుతుంది.

“పల్లెటూరి పిల్లలకు ఇవెక్కడ తలకెక్కుతాయి?” అని కొందరు వైద్యులే అంటారు. నెలలు నిండేదాకా చేలో పని చేసిన మనిషికి ఊపిరి తీయడం నేర్పలేమా? లోపం ఆమె తెలివిలో లేదు, మన ఓపికలో ఉంది. “మా అవ్వలు ఏ శిక్షణతో కన్నారు?” అని మరికొందరు. ఆ అవ్వల పక్కన చేయి పట్టుకుని మంత్రసాని కూర్చునేది. ఆ చేతిని తీసేసి, దాని స్థానంలో మనం పెట్టింది ఏమిటి?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. దేశ సగటు 21.5. శ్వాస సాధన ఒక్కటే ఈ అంకెను తగ్గిస్తుందని నేననను. కాని నొప్పికి బెదిరిపోయి “కోసేయండి డాక్టరుగారూ” అని వేడుకునే కుటుంబాన్ని, ఆ బెదురును పోగొట్టకుండా నిందించే హక్కు మనకు లేదు.

శ్వాస మంత్రం కాదు. అది నొప్పిని మాయం చేయదు, భరించే శక్తినిస్తుంది. రక్తస్రావమైనా, ఫిట్స్ వచ్చినా, ఉమ్మనీరు పచ్చబడినా, బిడ్డ కదలిక తగ్గినా శస్త్రచికిత్సకు సందేహించకూడదు. మత్తు సూది కోరిన తల్లిని తక్కువగా చూడనూ కూడదు.

సడలింపు, శ్వాస పద్ధతులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే సిఫారసు చేసింది. కాన్పు గదిలో తోడుగా ఒక స్త్రీని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి. ఆనాడు రక్తపోటు చూసిన తర్వాత పది నిమిషాలు, తల్లినీ పక్కన కూర్చోబెట్టి, శ్వాస నేర్పండి. కాన్పు రోజున ఆ తల్లిని లోపలికి రానివ్వండి. దీనికి కొత్త భవనం అక్కరలేదు, నిధులు అక్కరలేదు. అందుకే చేయకపోవడానికి సాకు కూడా లేదు.